మెడనొప్పికి మాత్ర ఒక్కటే మందా?

అరకులోయ మన్యంలో బరువు మోయని మెడ అరుదు. ఊట నుంచి నీళ్ల బిందె, అడవి నుంచి కట్టెల మోపు ఆడవారి తలపైనా, సంతకు పోయే పసుపు, మిరియాలు, రాజ్‌మా గింజలు మగవారి కావడిలోనూ కొండ దిగుతాయి. ఏళ్ల తరబడి ఇలా మోసిన మెడ పట్టేయడంలో వింత లేదు. సంతలో కొన్న నొప్పి మాత్రతో ఆ పూట ఉపశమనం కలుగుతుంది. మర్నాడు మళ్లీ అదే మోపు, అదే నొప్పి.

మూడు నెలలకు మించి వేధించే మెడనొప్పిని మాత్ర ఒక్కటే కుదర్చలేదు. మెడ, భుజాల కండరాలకు క్రమంగా బలం చేకూర్చే వ్యాయామం మేలైన చికిత్స అని వైద్యులు చెబుతున్నారు. తల వంచకుండా గడ్డాన్ని వెనక్కి లాగి కొన్ని క్షణాలు నిలపడం, నుదుటికి అరచేయి అడ్డుపెట్టి తలతో నెట్టడం, భుజాలను వెనక్కి విరవడం వంటివి ఇందులో ఉన్నాయి. పైసా ఖర్చు లేదు. అయితే గుణం కనబడడానికి వారాలు పడుతుంది.

చెవి ముందుండే దవడ కీలుకూ మెడకూ సంబంధం ఉంది. రెంటి నుంచీ నొప్పిని తెలిపే నరాలు మెదడు అడుగున ఒకేచోట కలుస్తాయి. అందుకే మెడ బాధతోపాటు కొందరికి నమిలితే దవడ నొప్పి, నోరు తెరిస్తే ‘టక్’మనే చప్పుడు వస్తాయి. నాలుక కొసను అంగిలికి ఆనించి నోటిని మెల్లగా తెరిచి మూయడం దీనికి ఒక వ్యాయామం.

కాని అడ్డపొగ తాగేవారికి, గుట్కా నమిలేవారికి నోరు తెరుచుకోకపోతే ముందు నోటి పరీక్ష జరగాలి. అది కాన్సర్‌కు దారితీసే వ్యాధి కావచ్చు. చేతులు తిమ్మిరెక్కినా, నడక తూలినా, చెట్టుపై నుంచి పడి మెడ నొచ్చినా వెంటనే డాక్టరును చూడాలి.

వ్యాయామం ఒకసారి చూపితే చాలదు. సరిగా చేస్తున్నదీ లేనిదీ మళ్లీ మళ్లీ చూడాలి. అందుకోసం కూలి మానుకుని, వంద కిలోమీటర్లకు పైబడిన విశాఖ కె.జి.హెచ్.కు రమ్మనడం న్యాయం కాదు. పాడేరులో 2024లో వైద్య కళాశాల వచ్చింది. అక్కడి నుంచి ఫిజియోథెరపీ నిపుణులను సంత రోజుల్లో పంపి, ఆశా కార్యకర్తలకు తర్ఫీదు ఇప్పించాలి. కువి, ఆదివాసీ ఒడియా భాషల్లో చెప్పించాలి.

వ్యాయామం నొప్పిని తగ్గించగలదు గాని నెత్తిమీది బిందెను దించలేదు. గూడెం గూడెంలో ఇంటి ముంగిట కుళాయి వేయించడం కూడా వైద్యమేనని అధికారులు గుర్తించాలి.