పదునొకండు నెలల కౌలు

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పండించువారిలో పెక్కండ్రు కౌలుదారులు. ఎరువులకును పురుగుమందులకును అప్పు చేయువారు వీరే. పంట పోయిన నష్టపడువారును వీరే.

2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారమున ప్రభుత్వము ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యములు చల్లి నేలకు పచ్చని కప్పు కల్పించుట, పేడ, గోమూత్రము, బెల్లము, పప్పుపిండి కలిపి ఊరబెట్టిన జీవామృతమును చేనికిచ్చుట ఇందలి ముఖ్యవిధానములు. 2024లో దీనికి గుల్బెంకియన్ బహుమానములో భాగము లభించినది. సంతోషమే. కాని నేల బలము ఒక్క కారుతో వచ్చునది కాదు, ఏండ్లు పట్టును. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టమో, కౌలుదారు పత్రమునకు 11 నెలల గడువే పెట్టెను. దానికిని భూస్వామి సంతకము వలయునని విధించెను. మరుసటేడు ఎవరి చేతబడునో తెలియని చేనికి ఎవడు పచ్చిరొట్ట వేయును? వేసి బాగుపరచినచో కౌలు పెంచుదురేమో యను భయ మొకటి!

మన విద్యార్థుల తండ్రులలో భూస్వాములును గలరు. వారికి నా విన్నపము: ప్రకృతి వ్యవసాయము చేయుదునను కౌలుదారునకు మూడేండ్లైనను చేను విడువుడు, ఆ నడుమ కౌలు హెచ్చింపకుడు. ఆ పత్రము మీ యాజమాన్యమును ముట్టదు గనుక సంతకమునకు జంకనక్కరలేదు. బిడ్డలారా, మీ చేను దున్నువా రెవరో, ఎన్నేండ్లుగా దున్నుచున్నారో, ఈ సెలవులలో ఇంట అడిగి చూడుడు.