రోగం రాకముందు వెళ్లే దారి

రేపల్లె నుంచి తెనాలికి రైలుంది. బాపట్ల మద్రాసు లైను మీదే ఉంది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో సంస్థ కట్టించి ఇచ్చిన క్యాన్సర్ విభాగం 2020 నుంచి పనిచేస్తోంది. వైద్యం ఖర్చుకు ప్రభుత్వ ఆరోగ్య పథకం ఉంది. రోగం వచ్చాక వెళ్లడానికి రేపల్లె, తెనాలి, బాపట్ల మూడు ఊళ్లకూ ఏదో ఒక దారి ఉన్నట్టే. రోగం ఉందో లేదో తెలియనప్పుడు వెళ్లడానికే ఎవరికీ కాలు కదలదు. మినుము తీసే రోజుల్లో ఒక పూట కూలి వదులుకుని, "నీకేం లేదమ్మా" అనిపించుకోవడానికి ఊరు దాటి వెళ్లేదెవరు? వెళ్లలేదని ఆ ఇల్లాలిని తప్పుపట్టడం అన్యాయం. పరీక్షే ఆమె దగ్గరకు రావాలి.

ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం అయిదేళ్లకోసారైనా చూడాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగినప్పుడు, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము, నోటి పరీక్షలు చేయించుకున్నవారు ఒక్కరికన్నా తక్కువ.

పరీక్షలు కష్టమైనవా అంటే, కాదు. నోటి క్యాన్సర్ సంగతే చూడండి. సూది లేదు, కోత లేదు. టార్చిలైటు వేసి బుగ్గల లోపల, నాలుక కింద తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉన్నాయేమో చూడటమే. తిరువనంతపురంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇలా చూసుకుంటూ వెళ్తే, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో తేలింది. చుట్ట, ఖైనీ, గుట్కా తెలియని వీధి లేని మన ప్రాంతంలో ఆ టార్చిలైటు విలువ ఇంతా అంతా కాదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దగ్గర అడ్డొచ్చేది సిగ్గు. తెల్లబట్ట అవుతోందని నర్సమ్మకు చెప్పడానికే గొంతు పెగలని మనిషిని బల్ల మీద పడుకోమంటే, రేపొస్తానని వెళ్లిపోతుంది. ఆ రేపు రాదు. ఇప్పుడు ఆ సిగ్గు పడాల్సిన అవసరమూ తీరుతోంది. ఈ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ వైరస్‌ను పట్టే పరీక్షకు, మహిళ తలుపు వేసుకుని తనే చిన్న పుల్లతో నమూనా తీసి ఇవ్వవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేడ్చల్ మండలం పల్లెల్లో ఈ పద్ధతిని పరిశీలించిన అధ్యయనం 2009లోనే వెలువడింది. అదే ఏడు మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో జరిగిన మరో అధ్యయనం ఫలితాలూ వచ్చాయి. ఆరోగ్య కార్యకర్తలు నమూనా తీసి, జీవితంలో ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రామాల్లో మరణాలు దాదాపు సగమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ పరీక్షకే మొగ్గు చూపింది, సొంతంగా నమూనా తీసుకోవడాన్నీ ఆమోదించింది. మన పల్లెల్లో అప్పుడే పరీక్షించి చూసిన పద్ధతి మన పల్లెలకే ఇన్నేళ్లయినా చేరకపోవడం బాధ కలిగిస్తుంది.

యంత్రాలు లేవనడానికీ లేదు. క్షయ పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వాడుతున్న ట్రూనాట్ యంత్రం మీదే చేయదగ్గ దేశీయ హెచ్‌పీవీ పరీక్ష కూడా వచ్చింది. ఒక రక్తపు చుక్కతో అన్ని క్యాన్సర్లూ చెప్పేస్తామనే ఖరీదైన పరీక్షల ప్రకటనలు మాత్రం ఫోన్ తెరవగానే కనిపిస్తున్నాయి. వాటివల్ల ప్రాణాలు నిలుస్తాయన్న రుజువు ఇంకా చేతికి రాలేదు. రుజువైన టార్చిలైటు, పుల్ల నిజాంపట్నం రేవులో చేపలు ఎండబెట్టే ఆమెకు అందకుండా, రుజువు కాని దానికోసం తెనాలిలో ఎవరో అప్పు చేసే రోజు రాకూడదు.

గ్రామ ఆరోగ్య కేంద్రంలో పరీక్ష పెట్టినంత మాత్రాన పని అయిపోదు. ఫలితం ఎవరికి చెబుతారు? రిజిస్టర్‌లో రాసే నంబరు చాలా ఇళ్లలో భర్తదో కొడుకుదో. మెసేజ్ వాళ్లకు వెళ్తుంది, ఇంట్లో అనుమానం రేగుతుంది. హెచ్‌పీవీ చాలామందికి ఏదో ఒక వయసులో సోకి, ఎక్కువమందిలో దానంతటదే పోయేదని, వైరస్ కనబడితే క్యాన్సర్ వచ్చినట్టు కాదని ఎవరు కూర్చుని చెబుతారు? ఆ మాట ఆశా కార్యకర్తే "అక్కా, పిన్నీ" అంటూ ఆమెకే నేరుగా చెప్పాలి. ఆ మాట చెప్పే నేర్పు కార్యకర్తకు శిక్షణలో రావాలి, వెచ్చించిన సమయానికి పారితోషికం దక్కాలి. అనుమానం తేలినవారిని గుంటూరు పొమ్మని చీటీ రాసి వదిలేయకుండా, తెనాలి జిల్లా ఆసుపత్రిలోనో బాపట్ల, రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రుల్లోనో వారంలో ఒక రోజు కేటాయించి తరువాతి పరీక్ష అక్కడే చేయాలి. రాని వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లాలి. ఆ రోజేదో మినుము కోతలు మొదలయ్యేలోపే ఊరూరా తెలియాలి.