వీథిలోని శిల ఎవరిది?

హైదరాబాదు ట్యాంకుబండుపై నడచువారికి ఒక వింత కానవచ్చును. భద్రాద్రి రామునకు గుడి కట్టించిన కంచెర్ల గోపన్న అచట విగ్రహమై నిలిచియున్నాడు. ఆయనను గోలకొండ చెరలో నుంచిన తానీషాయు అదే కట్టపై నిలిచియున్నాడు. చెర పెట్టినవానిని, చెర పడినవానిని ఒక్క వరుసలో నిలుపుట తెలుగువారి పెద్దమనస్సునకు గుర్తని మా తలంపు.

1980 దశకమున ఎన్.టి. రామారావు ప్రభుత్వము నిలిపిన ఆ ప్రతిమలలో పలువురివి 2011 మార్చి 10వ తేదీన తెలంగాణోద్యమపు వేడిలో కూలద్రోయబడినవి. కొన్ని హుసేన్‌సాగరు నీటి పాలైనవి. కవుల ప్రతిమలను పడగొట్టుటను మేము మెచ్చము. కాని తమ పెద్దలకు ఆ కట్టపై తగిన చోటు దొరకలేదన్న ప్రజల నొప్పి అబద్ధమని చెప్పజాలము. నలుగురిని అడుగక నలుగురి నడుమ నిలిపిన శిలకు నలుగురును కావలి యుండరు.

మన పట్టణముల కూడళ్లను చూడుడు. ఒక పక్షమువారు ఒక నాయకుని నిలిపిన, రెండవ పక్షమువారు ఎదుట మరియొకరిని నిలుపుదురు. జయంతినాడు పూలదండ, తక్కిన దినములలో దుమ్ము! రహదారులపైనను, కాలిబాటలపైనను విగ్రహములకు అనుమతి యీయరాదని 2013 జనవరి 18న సుప్రీముకోర్టు రాష్ట్రములను ఆజ్ఞాపించినది. ఆ ఆజ్ఞ యెంతవరకు చెల్లుచున్నదో పాఠకులే యెరుగుదురు.

వేరొక మార్గము లేకపోలేదు. 1959లో ఆస్ట్రియా దేశమున కార్ల్ ప్రాంట్ల్ అను శిల్పి సెయింట్ మార్గరెతెన్ రాతిగనిలోనికి పలుదేశముల శిల్పులను పిలిచెను. వారు ఆరుబయట కలిసి పనిచేసిరి. అట్టి శిల్పి సమావేశములు పిమ్మట అనేక దేశములకు వ్యాపించినవి. ఇది మనకు పరాయి విద్య కాదు. మన అడవులలోనే, దొంగతోగు వద్ద, బృహచ్ఛిలాయుగపు మానవులు మనుష్యాకృతిగల రాళ్లను ఆకాశము క్రింద నిలిపిరి.

భద్రాచలమున గోదావరి యొడ్డున అట్టి శిల్పశిబిరము నొకటి జరుపవలెనని మా మనవి. యాత్రికులు చూచుచుండగా రాయి చెక్కబడవలెను. ఏమి చెక్కవలెనో పురజనులును, కోయ పెద్దలును కూడి నిర్ణయింపవలెను. దారికి అడ్డురాని తోటలలో, చట్టము సమ్మతించిన తావుననే ఆ శిలలు నిలువవలెను.

వరదలో ఇండ్లు మునుగు ఊరికి శిల్పములేల యని కొందరడుగవచ్చును. అందుచేతనే మొదటి శిల వరదశిల కావలెనందుము. 1986 ఆగస్టులో గోదావరి ఇచట 75.6 అడుగుల మట్టము నందుకొన్నది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఈ అంకెలు కచేరీ కాగితములలో నున్నవి, బిడ్డలకు తెలియవు. నది యెంతవరకు వచ్చినదో ఆ యెత్తుననే గీత చెక్కిన స్తంభ మొకటి నిలిచెనేని, తల యెత్తి చూచిన ప్రతి పిల్లవానికిని అది పాఠము చెప్పును. ఇల్లు కట్టువానికి హెచ్చరిక యగును.

అట్టి రాతిని ఏ పక్షమువారును పడగొట్టరు. ఏలయన, అందులో మునిగినది అందరి ఇల్లు.