పొగబండి చరిత్రయు చేతిపనియు

విద్య మనకు రెండు త్రోవల లభించును. గ్రంథములను చదువుట యొక త్రోవ. వస్తువులను చేతబట్టి చేసి చూచుట మఱియొక త్రోవ. మన పాఠశాలలు మొదటిదానికి పీట వేసి, రెండవదానిని వాకిట నిలిపినవి. రైలుమార్గముల చరిత్రను చదువువారు చేతిపనిని నేర్వవలెననియు, చేతిపనియందు ప్రీతిగలవారు ఆ చరిత్రను తప్పక చదువవలెననియు మా యభిప్రాయము. ఈ రెంటిని జోడించుటకు ప్రతి పాఠశాలయందును ఒక గదియు, వారమునకు ఒక గంటయు కేటాయింపవలెనని మేము కోరుచున్నాము.

రైలుమార్గముల చరిత్ర మనకు దూరమైనది కాదు. 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకు బండి నడచినది. 1871 నాటికి కడప, గుత్తి సీమల మీదుగా పోవు మార్గము రాయచూరు చేరి, మదరాసును బొంబాయితో కలిపినది. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు బండ్లు వచ్చినవి. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై 56 ఖానాల వంతెన తెఱవబడి, 1997 వఱకు బండ్లను మోసినది. ఈ సంవత్సరములను మనము వల్లించుచున్నాము. పరీక్ష ముగిసిన మఱునాడు మఱచుచున్నాము. చేయి తాకని విషయము మనస్సున నాటుట కష్టము.

పొగబండిని నిలకడగా నడిపించిన జార్జి స్టీఫెన్‌సను జీవితమును చూడుడు. ఆయన 1781లో ఇంగ్లండునందలి వైలాము గ్రామమున, బొగ్గుగనిలో నీరుతోడు యంత్రమునకు నిప్పు వేయు పనివానికి జన్మించెను. పదునెనిమిదేండ్లు వచ్చువఱకు ఆయనకు చదువను వ్రాయను రాదు. సెలవుదినములలో యంత్రమును ఊడదీసి, శుభ్రపఱచి, మరల కూర్చుచు దాని మర్మమును గ్రహించెను. గడియారములను, పాదరక్షలను బాగుచేసి నాలుగు డబ్బులు సంపాదించెను. అయితే చేతినేర్పు ఒక్కటే చాలదని తెలిసికొని, రాత్రిబడికి పోయి అక్షరములు దిద్దెను. చేయి మొదట నేర్చినది, చదువు దానికి దారి చూపినది. 1825లో స్టాక్టను, డార్లింగ్టను పట్టణముల నడుమ నడచిన బండి ఈ రెంటి కలయికచే పుట్టినదే.

1829లో రెయిన్‌హిల్ పందెమున గెలిచిన 'రాకెట్' అను ఇంజనును గూర్చి చదువనివారు అరుదు. దాని బాయిలరులో మూడంగుళముల వ్యాసముగల 25 రాగి గొట్టములుండెనని గ్రంథములలో కలదు. చదివి పేజీ త్రిప్పిన యెడల అది వట్టి లెక్క. కాగితమును చుట్టి పదునైదంగుళముల వ్యాసముగల గొట్ట మొకటియు, మూడంగుళములవి ఇరువదియైదును చేసి చూడుడు. పెద్దగొట్టపు నోటి వైశాల్యమును, ఇరువదియైదు చిన్న గొట్టముల నోళ్ళ మొత్తపు వైశాల్యమును సమానమే. కాని వాని చుట్టుకొలతలను కూడినచో చిన్నవాని మొత్తము పెద్దదానికి ఐదింతలగును. అనగా అంతే చోట వేడిగాలి ఐదింతల లోహమును తాకును. నీరు శీఘ్రముగా ఆవిరి యగును. ఈ సూచనను చేసినవాడు ఆ రైలు సంఘపు కార్యదర్శి హెన్రీ బూతు. దానిని లోహమున సాధించినవారు రాబర్టు స్టీఫెన్‌సనును ఆయన కర్మశాలలోని పనివారును. కలము పట్టినవాని తలపును సుత్తి పట్టినవాని పనితనమును కలియనిదే ఆ ఇంజను లేదు.

మఱియొక నిదర్శనము. వంపులో బండి పట్టాలను విడువకుండ నెట్లు నడచును? చక్రపు అంచువలననే యని పలువురు తలతురు. రెండు కాగితపు గ్లాసులను మూతి మూతి చేర్చి అతికి, సమదూరమున వాలుగా నుంచిన రెండు కఱ్ఱలపై దొర్లింపుడు. ప్రక్కకు జరిగినను తిరిగి నడుమకు వచ్చును. అడుగు అడుగు చేర్చి అతికిన గ్లాసులు కొంచెము దూరము పోయి పడిపోవును. రైలు చక్రము లోపలివైపున కొంచెము పెద్దదిగను వెలుపలివైపున చిన్నదిగను ఉండుటకు కారణమిదే. అంచు ఆపదకు ఆదుకొను తోడు మాత్రమే. ఈ సంగతి పది పుటల చదువున తెలియనిది పది నిమిషముల ఆటలో తెలియును.

అట్లే ఏబదింట ఒకవంతు కొలతతో వెదురుబద్దలను పరచి, 1,676 మిల్లీమీటర్ల పెద్దమార్గమును, 1,000 మిల్లీమీటర్ల మీటరుమార్గమును ప్రక్కప్రక్కన వేయుడు. ఒకటి ముప్పదిమూడున్నర మిల్లీమీటర్లు, రెండవది ఇరువది. ఒకదానిపైని బండి రెండవదానిపై నడవదు. గుంతకల్లు వంటి కూడళ్ళలో బస్తాలను ఒక బండి నుండి దింపి మఱియొక బండికి ఎక్కింపవలసివచ్చిన కష్టము అప్పుడు బోధపడును. ఆనాడు వ్యయమునకు వెఱచి రెండవ కొలతను ఎన్నుకొనుటయు, 1992 నుండి పెద్దమార్గముగా మార్చుటకు పూనుకొనుటయు ఏలనో చరిత్రయే చెప్పవలెను.

ఇక చేతిపని ప్రియులకు ఒక మాట. బొమ్మరైలును కొని, సొరంగమును అట్టతో చేసి సంతోషించుట మంచిదే. కాని ఆ సొరంగము వెనుకనున్న కథను చదువనిచో అది ఆటవస్తువుగనే మిగులును. బొంబాయి పూనాల నడుమ భోరుఘాటున 1856 మొదలు 1863 వఱకు కొండలను తొలిచి, సుమారు పదునైదు మైళ్ళలో 1,800 అడుగుల ఎత్తునకు మార్గమును ఎక్కించిరి. గుత్తదారుడు సాలమన్ ట్రెడ్వెల్ 1859లో మరణింపగా ఆయన భార్య ఆలిసు ఆ గుత్తను విడువక సాగించెను. విషూచి మొదలగు రోగములచేతను ప్రమాదములచేతను వేలకొలది కూలీలు అచ్చట ప్రాణములు విడిచిరి. ఇంజనీర్ల పేర్లు గ్రంథములలో నిలిచినవి. ఆ కూలీల పేర్లు లేవు. ఒక్క వెదురుబద్దను సరిగా కోయుటకు ఎంత ఓర్పు వలయునో తన వ్రేళ్ళకు తెలిసినవాడే ఆ పేరులేనివారి శ్రమను తలచి శిరసు వంచగలడు.

అసలు విషయమిదియే. మన దేశమున చేతిపని చదువుకన్న తక్కువ యను భావము ఇంకను పోలేదు. వడ్రంగి బిడ్డయు, కమ్మరి బిడ్డయు తరగతిలో తండ్రి వృత్తిని చెప్పుటకు జంకుచున్నారు. పని గదిలో అదే బిడ్డ చిత్రికపట్టుటను తోటివారికి నేర్పు దినము వచ్చినయెడల, ఆ జంకు పోవుటకు వేఱు ఉపన్యాసములు అక్కఱలేదు. ఆ గది బాలురకు మాత్రమే కాక బాలికలకును తెఱచియుండవలెను.

పరీక్షలకు కాలము చాలదని కొందఱందురు. పైన చెప్పిన గొట్టముల లెక్క గణితము కాదా? గ్లాసుల ఆట ప్రకృతిశాస్త్రము కాదా? ధనము లేదని మఱికొందఱందురు. వెదురు, అట్ట, జిగురు, రెండు రంపములు, నాలుగు ఆకురాళ్ళు, ఒక బల్ల, పది మంచి గ్రంథములు: వీనికి గొప్ప నిధి అక్కఱలేదు. కావలసినది మనస్సు.

సోదర విద్యార్థులారా! మీ యూరి స్టేషను ఏ సంవత్సరమున వెలసెనో విచారింపుడు. దాని చిన్న నమూనాను మీ చేతులతో చేయుడు. పెద్దలు గదిని ఇచ్చెదరుగాక. ఇచ్చువఱకు ఇంటి అరుగు చాలును.