కొత్త అట్టలో పాత పాట
మద్రాసు చింతాద్రిపేటలోని రిచీ స్ట్రీట్‌లో యాంప్లిఫయర్‌కు ప్రాణం పోసే మెకానిక్ దొరుకుతాడు. దానికి తగ్గ తెలుగు రికార్డే దొరకదు. రాక్ వాళ్లను చూడండి: బీటిల్స్ బృందం 1967లో తెచ్చిన ‘సార్జంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను 2017లో నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మళ్లీ మిక్స్ చేశాడు. పెద్ద పెట్టెలో స్టూడియో టేకులు, పుస్తకం కూడా పెట్టి అమ్మారు. వ్యాపారమే, కాదనను, ఒకే ఆల్బమ్‌ను అభిమానికి నాలుగుసార్లు అంటగట్టడం రాక్ కంపెనీలకు వెన్నతో పెట్టిన విద్య. అయినా ఆ పెట్టెలో చరిత్ర ఉంది. మన ఘంటసాల భగవద్గీత ఆయన పోయాక, 1974 తర్వాత, రికార్డు నుంచి క్యాసెట్‌కు, సీడీకి, ఫోన్‌కు మారుతూనే ఉంది. ఇకమీదట దాన్ని ఎవరు వేసినా రికార్డింగ్ రోజు వీణ, వేణువు పట్టిందెవరో, మైకు సర్దిందెవరో అట్ట మీద అచ్చువేయాలి. అప్పుడు రెట్టింపు ధరైనా ఇస్తాను.