దేశవాళీ పత్తి గింజను పారవేయవద్దు



"అమెరికను పత్తి ప్రక్కన దేశీ పత్తి వేసినచో రెండును కలిసి విత్తనము చెడునా?" అని రైతులు అడుగుట కద్దు. చెడదు అని నా జవాబు. ఎందుకు చెడదో తెలిసికొన్నచో, పాతదని మనము వదలుకొనుచున్న దేశీ పత్తి విలువ కూడ తెలియును.

ప్రతి మొక్క కణములోను క్రోమోజోములు అను సన్నని పోగులు ఉండును. తల్లి గుణములు, తండ్రి గుణములు బిడ్డకు ముఖ్యముగా చేరునది వీనివలననే. మన దేశీ పత్తికి ఈ పోగులు 26, అమెరికను పత్తికి 52. 1934లో స్కోవ్‌స్టెడ్ అను శాస్త్రజ్ఞుడు అమెరికను పత్తి పోగులలో 13 జతలు పెద్దవి, 13 జతలు చిన్నవి అని సూక్ష్మదర్శినితో చూచి చెప్పెను. పెద్దవి మన దేశీ పత్తి పోగుల వంటివి. చిన్నవి అమెరికా ఖండపు అడవి పత్తుల పోగుల వంటివి. అనగా అమెరికను పత్తిలో సగము మన పత్తి వంశమే! సుమారు పది, ఇరువది లక్షల ఏండ్ల క్రిందట దేశీ పత్తికి దాయాది వరుస అగు ఒక పత్తి, అచ్చటి అడవి పత్తితో కలిసెను. ఇద్దరి పోగులును పిల్లలో నిలిచిపోయినవి.

మరి పెద్ద పోగులు పెద్దవి ఎట్లు అయినవి? పోగులో ఉండు పదార్థము పేరు డి.ఎన్.ఎ. అది నాలుగు అక్షరములతో వ్రాసిన వ్రాత వంటిది. దేశీ పత్తిలో, ఒక సరి పోగుల వ్రాత సుమారు 170 కోట్ల అక్షరములు. అమెరికా అడవి పత్తులలో ఒకటగు రైమాండీ పత్తిలో సుమారు 88 కోట్లే. కాని గుణములను నడపు జన్యువులు రెండింటిలోను ఇంచుమించు సమానమే. అవి రమారమి నలుబది వేలు. మిగిలినదానిలో పెద్దభాగము నకళ్ళు.

పూర్వపు కరణము గారి దస్త్రము తలచుకొనుడు. రెండు గ్రామములలో భూములు సమానమే, పట్టాలు సమానమే. ఒక గ్రామపు కట్ట మాత్రము రెండింతలు లావు. విప్పి చూడగా, ఒకే కాగితమునకు వేల నకళ్ళు నడుమ నడుమ దూర్చియున్నవి. పత్తి పోగులలో జరిగినది ఇదే. పైగా ఈ నకళ్ళను వ్రాయుటకు గుమాస్తా అక్కరలేదు. ఆ కాగితమే తన నకలు వ్రాయించుకొని మరియొక చోట దూరును! దేశీ పత్తి వంశములో ఇట్టివి మిక్కుటముగా పెరిగినవి.

వీనిని ఒకప్పుడు "చెత్త" అనిరి. ఆ మాట నాకు రుచింపదు. కణము రెండగునప్పుడు పోగును పట్టి లాగు చోటు పెక్కు మొక్కలలో ఇట్టి నకళ్ళతోనే కట్టబడియుండును. ఎగిరి దూరు ముక్కలే మొక్కజొన్న గింజపై రంగు మచ్చలు వేయునని మెక్లింటాక్ అను విదుషీమణి చూపినది. ఆమెకు 1983లో నోబెల్ బహుమానము వచ్చెను. ఏది పనికిరానిదో తొందరపడి చెప్పరాదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. అమెరికను పత్తికి దేశీ పుప్పొడి సోకినను సాధారణముగా గింజ కట్టదు. పట్టుబట్టి సంకరము చేసినచో పిల్లకు 39 పోగులు వచ్చును. పెద్దవి 13 దేశీ పోగులు 13తో జత కూడును. అదియు అంతంత మాత్రమే, ఏలయన కొన్ని పోగుల ముక్కలు ఏనాడో తారుమారైనవి. చిన్నవి 13 జత లేక ఒంటరిగా మిగులును. పుప్పొడిలో పంపకము కుదరదు, మొక్క గొడ్డుబోవును. కనుక ప్రక్క చాలులోని దేశీ పత్తివలన మీ విత్తనము చెడునను భయము వలదు. దేశీ రకములు తమలో తాము మాత్రము కలియును. విత్తనమునకు ఉంచు రకమును ఇతర దేశీ రకములకు దూరముగా వేయవలెను.

ఈ అడ్డుగోడకు తలుపు లేకపోలేదు. 1940 ప్రాంతమున బీస్లీ అను ఆయన మన దేశీ పత్తిని ఒక అమెరికా అడవి పత్తితో కలిపి, కొల్చిసిన్ అను మందుతో పోగులను రెట్టింపు చేసెను. (మన కంచెల మీద పాకు అడవినాభిలో ఉండు విషము ఇదే.) 52 పోగుల మొక్క వచ్చెను. అది అమెరికను పత్తితో కలిసి గింజ కట్టెను. ఆ మూడు పత్తుల సంతతినుండి అమెరికా రకములకు గట్టి పింజ లభించినది. నూలుకు పనికివచ్చు పింజయే లేని అడవి పత్తి అందులో ఒక తల్లి అని గమనింపుడు.

దేశీ పత్తికి లోపములు లేవని నేను అనను. కాయ చిన్నది, పింజ పొట్టి, పగిలిన కాయనుండి పత్తి నేల రాలును. అయినను ఆకుముడత వైరసు దానిని అంటదు, వానలు వెనుదీసినను తట్టుకొనును, పచ్చదోమకు అంతగా లొంగదు. 1947లో దేశపు పత్తి సాగులో నూటికి 97 వంతులు దేశీ రకములే. నేడు నూటికి తొంబదికి పైగా అమెరికను సంకరములే. కాకినాడ రేవు పేర విదేశములకు పోయిన ఎఱ్ఱని పత్తి నేడు ఎవరి పొలములో ఉన్నది? పొందూరు ఖద్దరు నేయువారికి కావలసిన కొండపత్తి ఎందరు వేయుచున్నారు?

నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ దేశీ విత్తనములను భద్రపరచుచున్నది. మంచిదే, కాని చల్లని గదిలోని గింజ కొత్త పురుగును, కొత్త తెగులును ఎదుర్కొని ఎరుగదు. పొలములోని గింజయే ఎదుర్కొనును.

గ్రామాధికారులకు నా మనవి. మీ గ్రామములో ఏ ముసలి రైతు గట్టుననైనను, ఏ పెరటిలోనైనను పాత పత్తి మొక్క కనబడినచో దానిని పీకనీయకుడు. కాయ పగిలినప్పుడు గింజ తీయించి, ఆరబెట్టి, గుడ్డసంచిలో పోసి, ఊరి పేరు, నేల రకము, రైతు దానిని పిలుచు పేరు ఒక చీటిపై వ్రాసి దగ్గరనున్న పత్తి పరిశోధన స్థానమునకు చేర్పుడు. పిడికెడు గింజ ఆ రైతు వద్దనే, వచ్చే తొలకరికి, ఉంచుడు.