నీళ్లు చాలవు, రంగు చెప్పదు

మండు వేసవిలో ఏ ఘాట్ రోడ్డెక్కినా కనిపించే దృశ్యమే. పక్కకు ఆపిన కారు, పైకెత్తిన బానెట్, ఆవిర్లు కక్కుతున్న ఇంజన్, చేతిలో నీళ్ల సీసాతో డ్రైవరు. అది తిరుమల కావచ్చు, శ్రీశైలం కావచ్చు, ఊటీ కావచ్చు. కారణం అడిగితే ఎండనో, ఎత్తునో తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఊరు దాటకముందే కారులో ఉంటుంది: నెలల తరబడి ఎవరూ తొంగిచూడని కూలెంట్ ట్యాంకు.

ఈ నిర్లక్ష్యానికి ఓ చరిత్ర ఉంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పోయడమే ఆనవాయితీ. ఇనుప ఇంజన్, రాగి, ఇత్తడి రేడియేటర్ ఆ మొరటు వైద్యాన్ని ఏళ్ల తరబడి ఓర్చుకున్నాయి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినా ఆ అలవాటు మాత్రం ఆగలేదు. ‘యాంటీఫ్రీజ్’ అన్న పేరు కూడా దానికి తోడైంది. గడ్డకట్టే చలి దేశాల సరుకు బెజవాడ ఎండలో ఎందుకన్నది సగటు యజమాని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తప్పు.

ఎందుకంటే గడ్డకట్టకుండా చూడడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. ఇంజన్‌లో కాలే ఇంధనం శక్తిలో సుమారు మూడో వంతు వేడిగా మారి కూలెంట్‌లో కలుస్తుంది. ఇంజన్ నడిచేదే 90 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో. మామూలు ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కూలెంట్‌లోని ప్రధాన రసాయనం ఇథిలీన్ గ్లైకాల్‌ను నీళ్లతో సగం సగం కలిపితే మరుగు స్థానం 107కు చేరుతుంది. రేడియేటర్ మూత బిగింపు వల్ల లోపల ఏర్పడే ఒత్తిడితో అది 125 దాకా పోతుంది. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారుకు ప్రాణం పోసేది ఈ తేడానే. మూతలోని రబ్బరు వాషరు పాడైతే ఎంత ఖరీదైన కూలెంటయినా వృథా కావడానికీ కారణం అదే.

రెండో పని ఇంతకంటే ముఖ్యం: తుప్పు పట్టనివ్వకపోవడం. ఇప్పటి కార్లలో సిలిండర్ హెడ్, రేడియేటర్ దాదాపుగా అల్యూమినియంవే. వట్టి నీళ్లు వాటిని లోలోపలే తినేస్తాయి. బోరు నీళ్లయితే మరీ ప్రమాదం. వాటిలోని సున్నం సన్నని గొట్టాల్లో పెచ్చు కడుతుంది, ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నట్టే. మినరల్ వాటర్ మేలనుకుంటే ఆ పేరులోనే ఖనిజాలున్నాయి. పోయాల్సింది బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీళ్లు.

అలాగని చిక్కటి కూలెంట్‌ను నీళ్లు కలపకుండా పోసేయడమూ పొరపాటే. వేడిని మోసుకుపోవడంలో గ్లైకాల్ కంటే నీళ్లే మెరుగు. విచిత్రమేమిటంటే చలిని తట్టుకోవడంలోనూ మిశ్రమమే గొప్ప. సగం సగం కలిపినది మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. వట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. చలికాలంలో లడఖ్ వెళ్లే కారుకు ఈ లెక్క ప్రాణావసరం. నీళ్లు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఆ ధాటికి ఇంజన్ బ్లాకే పగలొచ్చు. బజారులో రెండు రకాలు దొరుకుతాయి: నీళ్లు కలపాల్సినవి, కలిపి అమ్మేవి. డబ్బా మీద చదవకుండా కలిపి అమ్మేదానికి మళ్లీ నీళ్లు పోస్తే డబ్బూ పోతుంది, రక్షణా పోతుంది.

అసలు తికమక రంగుతో. ఆకుపచ్చ, ఎరుపు, గులాబీ, నీలం... దుకాణంలో అడిగేదీ రంగే, ఇచ్చేదీ రంగే. కానీ రంగు కలిపేది కారడాన్ని గుర్తుపట్టడానికి, ఒక రకాన్ని మరో రకంతో పోల్చుకోవడానికి. ఏ రంగు ఏ రసాయనానికన్నది అందరూ పాటించే నియమం కాదు. ఒక కంపెనీ ఆకుపచ్చ, ఇంకో కంపెనీ ఆకుపచ్చ ఒకటి కానక్కర్లేదు. తేడా తుప్పును ఆపే మందుల్లో ఉంటుంది. సిలికేట్లు ఉండే పాత తరం కూలెంట్ ఆయుష్షు సుమారు రెండేళ్లు. సేంద్రియ ఆమ్లాలతో చేసే కొత్త రకాలు ఐదేళ్లు, కొన్ని అంతకుమించీ పనిచేస్తాయి. జపాన్ కంపెనీలు సిలికేట్లను దూరం పెట్టి ఫాస్ఫేట్ల వైపు మొగ్గాయి. సున్నపు నీళ్లతో ఫాస్ఫేట్ పెచ్చు కడుతుందని యూరప్ కంపెనీలు వాటిని వద్దనుకున్నాయి. భారత రోడ్ల మీద ఈ రెండు సంప్రదాయాల కార్లూ తిరుగుతున్నాయి. పొరపొచ్చాలున్న ఆ రెంటినీ ఒకే ట్యాంకులో కలిపితే మందులు విరిగిపోయి ఒక్కోసారి జిగురులా మారతాయి. కాబట్టి అడగాల్సింది రంగు కాదు, కారుతో వచ్చిన పుస్తకంలో కంపెనీ రాసిన ప్రమాణం. డబ్బా మీద ఐఎస్ 5759, జేఐఎస్ కె 2234, ఏఎస్‌టీఎం డి 3306 వంటి అంకెలు కనిపిస్తే అది కనీస అర్హత. కారు కంపెనీ చెప్పిన రకమా కాదా అన్నది దాని తర్వాతి పరీక్ష.

నిర్వహణకు పట్టేది నెలకు రెండు నిమిషాలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీద రెండు గీతల మధ్య కూలెంట్ ఉందో లేదో చూడాలి. తుప్పు రంగుకు తిరిగినా, అడుగున మడ్డి కనిపించినా గడువుతో పనిలేకుండా మార్చాల్సిందే. మట్టం పదే పదే పడిపోతుంటే పోస్తూ కూర్చోకూడదు, కారుతున్నదెక్కడో వెతికించాలి. ఇంజన్ ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి నురగ, సైలెన్సర్ నుంచి ఆగని తెల్లటి పొగ కనిపిస్తే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. అక్కడిదాకా వస్తే బిల్లు ముందు కూలెంట్ ధర చిల్లర.

దారిలో ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాటితే ఏసీ కట్టేసి, కారు పక్కకు తీసి ఆపాలి. వేడి మీద మూత తీస్తే మరుగుతున్న ద్రవం ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మండే ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే లోహం పగలొచ్చు. పూర్తిగా చల్లారాక, వేరే గతి లేకపోతే, మెకానిక్ దాకా చేరడానికి మంచినీళ్లు పోయొచ్చు. తర్వాత వాటిని తీయించేసి సరైన కూలెంట్ పోయించాలి.

ఇంకో హెచ్చరిక. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కొద్దిపాటిదే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2022 అక్టోబరులో గాంబియా పిల్లల మరణాల నేపథ్యంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిన భారత తయారీ సిరప్‌లలో కనిపించాయని ఆ సంస్థ చెప్పిన కల్తీల్లో ఇదీ ఒకటి, రెండోది దీని తోబుట్టువు డైఇథిలీన్ గ్లైకాల్. అందుకే మిగిలిన కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో దాచకూడదు. తీసేసిన దాన్ని కాలువలో పారబోయకూడదు. పిల్లలకు, కుక్కలకు తీపి ఒక్కటే తెలుస్తుంది.

ఇక ఎలక్ట్రిక్ కారు కొంటే ఈ బాదరబందీ ఉండదనుకునే వారికి నిరాశే. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ కూలెంటే. కొన్నిటికి కరెంటు సులువుగా పారనివ్వని ప్రత్యేక రకం కావాలి. ఇంజన్ పోయినా ఈ డబ్బా పోదు, దాంతోపాటు వచ్చే పుస్తకమూ చదవక తప్పదు.